భారత మండూకం ఎందుకు లేదు?

ఉగాది కవి సమ్మేళనంలో కోయిలను తలవకుండా శాలువా కప్పించుకున్న కవిని నేనింతవరకు చూడలేదు. సరోజినీ నాయుడును భారత కోకిల అన్నాం, బాగుంది. ఇన్నేళ్లలో ఒక్కరినైనా మెచ్చుకోలుగా భారత మండూకం అన్నామా? వానాకాలమంతా ఉచితంగా కచేరీ చేసే జీవికి మనం ప్రసాదించినవి నూతిలో కప్ప, కప్పల తక్కెడ!

నడవడిక చూద్దాం. కోయిల గూడు కట్టదు. మగది కాకిని రెచ్చగొట్టి వెంట తరిమించుకుంటే, ఆ సందులో ఆడది కాకి గూట్లో గుడ్డు పెట్టి జారుకుంటుంది. పెంపకం ఖర్చు కాకిది. మనిషి చేస్తే ఫోర్‌ట్వంటీ (కొత్త చట్టంలో మోసానికి సెక్షన్ 318 అట), పిట్ట చేస్తే వసంతాగమనం. పైగా ఆ కుహూ మగదానిది, ఆడది కిక్కిక్కిమంటుందంతే. కోకిల కంఠమని అమ్మాయిలను పొగిడేవాళ్లు గమనించగలరు. ఇంకో ఘోరం, పక్షి శాస్త్రం లెక్కలో కోయిల అసలు పాటపిట్టే కాదు. ఆ జాబితాలో ఉన్నది కాకి!

ఇక మావాడు. తొలకరి రోజు మా ఊరి చెరువు కింద మడిలో బోదురు కప్పను చూశాను. రోజూ బురద రంగులో ఉండేవాడు, ఆ పూట నిమ్మపండులా పచ్చబడి, దవడల కింద రెండు నీలం బుడగలు ఉబ్బించి కూర్చున్నాడు, అచ్చం పెళ్లికొడుకు. బెక్‌మన్నప్పుడల్లా ఒళ్లంతా అదిరి చుట్టూ నీళ్లలో అలలు లేచాయి. మైకూ సౌండుబాక్సూ ఒంట్లోనే.

ఋగ్వేదం ఏడో మండలం 103వ సూక్తంలో ఈ గోలను వేదం వల్లించే బ్రాహ్మణులతో పోల్చారు. మాండూక్యమని ఒక ఉపనిషత్తుకే పేరుంది. అంత వంశ ప్రతిష్ఠ ఉన్నవాడి కాళ్లు కోసి విదేశీ పళ్లాల్లోకి పంపాం. పొలాల్లో పురుగులు తినేదెవరని ఆలోచించి 1987లో ఎగుమతి ఆపాం. కోయిల కాలు మాత్రం ఎవరూ అడగలేదు.

వానలు మొహం చాటేస్తేనే మనకు కప్ప గుర్తొస్తుంది. తెలంగాణ పల్లెల్లో రోకలికి వేపకొమ్మలతో కట్టి, కప్పతల్లి అని పాడుతూ ఇంటింటా బిందెలతో నీళ్లు గుమ్మరిస్తారు. వసంతం ఆలస్యమైందని ఏ కోయిలనైనా రోకలికి కట్టారా?

నిన్న తెల్లవారుజామున నాలుగింటికి కిటికీ పక్క వేపచెట్టు మీద కోయిల మొదలెట్టింది. "ఎంత కమ్మగా పాడుతోందో!" అంది మా ఆవిడ, దుప్పట్లోంచే. రాత్రి కప్పలు అందుకున్నప్పుడు లేచి వెళ్లి తలుపు గడియ కూడా వేసింది.