సవరణ: చెమ్మ గోడ మీద ప్యానెల్స్ గురించి

హాల్లో టీవీ గోడకు లూవర్ ప్యానెల్స్ (నిలువు పట్టీల్లా కనిపించే అలంకరణ పలకలు) బిగించడం గురించి పోయిన వారం రాశాను కదా. అందులో “గోడ చెమ్మగా ఉన్నా ఫర్వాలేదు, పీవీసీ ప్యానెల్ వేస్తే చెమ్మ ఆగిపోతుంది” అన్న మాట తప్పు. సరిచూసుకోకుండా రాసేశాను.

ప్యానెల్ చెమ్మను ఆపదు, కంటికి కనబడకుండా చేస్తుందంతే. పీవీసీకి ఏమీ కాకపోవచ్చు. దాని వెనక గోడకు మాత్రం గాలి తగలక బూజు పడుతుంది, ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలుతుంది, జిగురు పట్టు వదిలేస్తుంది. చెక్క నారను అదిమి చేసే ఎండీఎఫ్ బోర్డు అయితే మరీ ఘోరం, అడుగు అంచు నీళ్లు పీల్చి అప్పడంలా ఉబ్బుతుంది. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అనే ఇంకా గట్టి రకం బోర్డు తేమను కొంత తట్టుకుంటుంది గానీ వాటర్‌ప్రూఫ్ కాదు. పొడి గోడ మీదే బిగించాలని ప్యానెల్ కంపెనీలు ఇచ్చే ఇన్‌స్టలేషన్ సూచనల్లోనే ఉంది. మా కావలి కార్పెంటర్ కూడా అదే చెప్పాడు.

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి: బాత్రూం పైపా, శ్లాబా, పునాదా? అది బాగుచేయించి గోడను ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలియాలంటే జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ఇంకా ఆగాల్సిందే. మన నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, కాబట్టి మే నెలలో పొడిగా కనిపించే గోడను అంత తేలిగ్గా నమ్మకండి.

స్క్రూల గురించి రాసింది మాత్రం మారదు. సముద్రం దగ్గరి ఊళ్లలో స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.