దేవుణ్ని వదిలాం సరే, కులం మాటేమిటి?

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్ళం కలిసినచోట ఈ మధ్య తరచూ వినబడే మాట, "పిల్లలకి దేవుడంటే భక్తీ లేదు, భయమూ లేదు" అని. ఉగాది భోజనాల దగ్గర అదే మాట, అపార్ట్‌మెంటు వినాయకుడి పందిట్లో అదే మాట. మారతహళ్ళిలోనూ వైట్‌ఫీల్డ్‌లోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే ఆఫీసు కాల్ ఉందంటారు. గట్టిగా అడిగితే "నాకు నమ్మకం లేదమ్మా" అనేస్తారు. తల్లిదండ్రులకి అది తమ పెంపకంలో లోపంలాగా తోస్తుంది. వాళ్ళ బాధ నాకు తెలుసు, నేనూ ఇద్దరు పిల్లల తల్లినే. అయినా చెబుతున్నాను, దేవుడి మీద నమ్మకం సడలుతోందని ఇంత దిగులు అక్కర్లేదు. ఆ నమ్మకం సడలాక కూడా మన ఇళ్ళల్లో చెక్కుచెదరకుండా నిలబడ్డది ఒకటుంది. కులం. దాని గురించి ఎవరమూ నోరు మెదపడం లేదు.

అసలు నమ్మకం సడలడం కూడా మనం భయపడుతున్నంతగా ఏమీ జరగలేదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ వాళ్ళు మన దేశంలో దాదాపు 30,000 మందిని అడిగి 2021లో ఒక నివేదిక ప్రచురించారు. అందులో దేవుణ్ని నమ్ముతామన్నవాళ్ళు నూటికి 97 మంది. 2011 జనాభా లెక్కల్లో ఏ మతమూ చెప్పనివాళ్ళు 28 లక్షల చిల్లర, అంటే జనాభాలో పావు శాతం కూడా లేరు. వైకుంఠ ఏకాదశి నాడు వయ్యాలికావల్ టీటీడీ గుడి ముందు క్యూ చూసినవాళ్ళకి ఈ లెక్కలు కూడా అవసరం లేదు. దక్షిణాదిలో కాస్త తేడా ఉన్నమాట నిజమే. మతం మా జీవితంలో చాలా ముఖ్యం అన్నవాళ్ళు మధ్య భారతంలో 92 శాతం ఉంటే మన వైపు 69 శాతమే.

నన్ను ఆపేసిన అంకె అదే నివేదికలో మరోచోట ఉంది. తమ కులం ఆడపిల్లలు వేరే కులంవాళ్ళని పెళ్ళి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యం అని 64 శాతం మంది చెప్పారు. మగపిల్లల విషయంలో 62 శాతం. దేవుడి సంగతి అడిగితే పిల్లలు మొహమాటం లేకుండా జవాబు చెబుతున్న ఈ రోజుల్లో, ఈ రెండో ప్రశ్న మన ఇళ్ళల్లో ఎవరైనా ఎవర్నైనా అడుగుతున్నారా?

నాకు వరసకి అక్క అయ్యే ఆవిడ కొడుకు ఇక్కడే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. తెలివైనవాడు, మంచివాడు. నాస్తికుణ్ణని కాలేజీ రోజుల నుంచీ చెబుతున్నాడు, తాతగారితో కూడా వాదించాడు. ఆ మధ్య అక్క ఫోన్‌లో వాడి పెళ్ళి ప్రొఫైల్ చూపించింది. వాడి గురించి వాడే రాసుకున్న నాలుగు లైన్లలో మతం మీద నమ్మకం లేదని స్పష్టంగా ఉంది. కొంచెం కిందికి జరిపితే కులం, శాఖ, గోత్రం, నక్షత్రం, పాదం. ఎలాంటి అమ్మాయి కావాలన్న చోట అదే కులం, అందులోనూ అదే శాఖ. వాణ్ని పక్కకి పిలిచి అడిగాను. "అదంతా అమ్మ పెట్టింది పిన్నీ. నాకు వాటి మీద నమ్మకం లేదు. మళ్ళీ ఆవిడకి టెన్షన్ ఎందుకని ఊరుకున్నా" అన్నాడు.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. వ్రతం పీటల మీద కూర్చోనని చెప్పినప్పుడు వాడు అమ్మ టెన్షన్ గురించి ఆలోచించలేదు. అక్క ఏడ్చింది కూడా. పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మ మనసు గుర్తొచ్చింది. పూజ మానేస్తే పోయేదేమీ లేదు, మహా అయితే ఒక పూట మాటలు పడాలి. కులం కాదంటే బంధువులు దూరమవుతారు, ఆస్తి పంపకాల దగ్గర పేచీ వస్తుంది, రేపు చెల్లెలి సంబంధం దగ్గర నలుగురూ నాలుగు మాటలంటారు. ఖర్చు లేనిచోట ధైర్యం చూపించాడు, ఖర్చున్నచోట అమ్మ వెనక నిలబడ్డాడు. వాడొక్కడే కాదు, నాకు తెలిసిన పిల్లల్లో చాలామంది ఇంతే. అందుకే చెప్పక తప్పడం లేదు.

తెలుగునాట నాస్తికత్వం ఇలా మొదలవలేదు. గోపరాజు రామచంద్రరావు గారిది, అంటే మన గోరా గారిది, ఆచారం గల బ్రాహ్మణ కుటుంబం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివి లెక్చరరయ్యారు. జంధ్యం తీసేసినందుకు కన్నతండ్రే ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నారు. నాస్తిక భావాల వల్ల కాకినాడలో ఉద్యోగం పోయింది, తర్వాత బందరులోనూ నిలవలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకి మార్చారు. ఆయనా, ఆయన భార్య సరస్వతి గారూ ముదునూరులో చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదనిపించేది సహపంక్తి భోజనాలు. పౌర్ణమి నాడు అన్ని కులాలవాళ్ళూ ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకుని ఒకేచోట కూర్చుని పంచుకు తినేవారు. ఆ కాలంలో పల్లెటూళ్ళో అది చిన్న విషయం కాదు.

కూతురు మనోరమ గారి పెళ్ళి దళితుడైన అర్జునరావు గారితో నిశ్చయించారు. గాంధీగారు ఆ పెళ్ళి సేవాగ్రామం ఆశ్రమంలో తన చేతుల మీదుగా చేయిస్తానన్నారు. దేవుడి పేరుకి బదులు సత్యం పేరు మీద జరిపించడానికి కూడా ఒప్పుకున్నారు. ముహూర్తం రోజుకి ఆయన లేరు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు, మార్చిలో ఆ ఆశ్రమంలోనే పెళ్ళి జరిగింది. ఆ తర్వాత 1960లో గోరా గారి కొడుకు లవణం, దళిత కవి జాషువా గారి అమ్మాయి హేమలతను చేసుకున్నారు. ఆ హేమలతా లవణం గారే తర్వాత, దేవుడి పేరు మీద వదిలేసిన జోగినుల కోసం పోరాడారు. ఆస్తికుడైన గాంధీగారూ నాస్తికుడైన గోరా గారూ అంటరానితనం పోవాలన్నచోట కలిశారు. దేవుడున్నాడా లేడా అన్నది తేల్చుకునేదాకా ఆ పని ఆగలేదు.

మన బెంగళూరు మనిషి గురించి కూడా చెప్పాలి. హెచ్. నరసింహయ్య గారు హిందూపురం పక్కనే ఉన్న గౌరీబిదనూరు తాలూకా హోసూరులో, 1920లో, పేద కుటుంబంలో పుట్టారు. నేషనల్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పారు, అమెరికా వెళ్ళి డాక్టరేటు తెచ్చుకున్నారు, బెంగళూరు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరయ్యారు. ఖద్దరు, గాంధీ టోపీ, బసవనగుడి హాస్టల్లో ఒక గది, అంతే ఆయన సంసారం. 1976లో మహిమలనీ మూఢనమ్మకాలనీ పరిశీలించడానికి యూనివర్సిటీ తరఫున ఒక కమిటీ వేశారు. అందరి కళ్ళముందు పరీక్షకి నిలబడమని పుట్టపర్తి సత్యసాయిబాబా గారికి ఉత్తరాలు రాశారు. ఒక్కదానికీ జవాబు రాలేదు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలో 51ఏ అధికరణం చేర్చిన సవరణ కూడా ఆ ఏడాదిదే.

ఆ పుట్టపర్తి ట్రస్టే అనంతపురం జిల్లాలో ఎన్నో ఊళ్ళకి తాగునీళ్ళిచ్చింది, వైట్‌ఫీల్డ్ ఆసుపత్రిలో పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేస్తోంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళకి బాబా గారు దేవుడే. వాళ్ళ దగ్గరికి వెళ్ళి నీ నమ్మకం తప్పని నేను వాదించను. మహిమ నిజమా అని అడిగే హక్కు నరసింహయ్య గారికుంది, నీళ్ళొచ్చాయని దణ్ణం పెట్టుకునే హక్కు ఆ ఊరి ఆడవాళ్ళకుంది. నేను దీపం పెట్టుకునేదాన్నే. నా పిల్లల్లో ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. ఇంట్లో ఆ విషయంగా గొడవ లేదు. నమ్మనివాళ్ళు నీతి తప్పిపోతారన్న భయం ఉన్నవాళ్ళు గోరా గారి బతుకూ నరసింహయ్య గారి బతుకూ ఒక్కసారి చూడండి, చాలు.

అంబేడ్కర్ గారు 1936లో లాహోరు సభ కోసం ఒక ప్రసంగం రాశారు. సభ పెట్టినవాళ్ళు భయపడి రద్దు చేస్తే తానే అచ్చు వేయించారు. కులం పోవడానికి అసలు మందు కులాంతర వివాహమేనని అందులో చెప్పారు. మరి జనం ఎందుకు చేసుకోవడం లేదంటే, శాస్త్రాల మీద నమ్మకం వాళ్ళని ఆపుతోందన్నారు. ముందు ఆ నమ్మకం పోవాలన్నారు. ఎనభై ఏళ్ళు దాటింది. మన పిల్లల్లో చాలామందికి ఏ శాస్త్రంలో ఏముందో తెలియదు, తెలిసినా లెక్కచెయ్యరు. అయినా ప్రొఫైల్లో శాఖ అలాగే ఉంది. అంటే కులానికి ఇప్పుడు దేవుడి అండ కూడా అక్కర్లేకుండా పోయింది. ఊళ్ళో వాట్సాప్ గ్రూపులున్నాయి, కులం పేరుతో వనభోజనాలున్నాయి, ఉద్యోగాల దగ్గర సిఫార్సులున్నాయి. నాకు భయం వేసేది ఇక్కడే.

మొన్నామధ్య తెలిసినవాళ్ళింట్లో పెద్దకర్మకి వెళ్ళాను. పోయినాయన ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడికి భక్తి ఎక్కువ, పద్ధతి ప్రకారం అన్నీ చేశాడు. చిన్నవాడు నమ్మకం లేదని పక్కన నిలబడ్డాడు, ఎవరూ బలవంతం చెయ్యలేదు. అది చూసి సంతోషించాను. భోజనాల వేళ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే, వెనకాల బట్టలుతికే చోట వాషింగ్ మెషీన్ పక్కన నేల మీద ఒకావిడ కాగితం ప్లేటులో తింటోంది. చివరి నెలల్లో ఆ పెద్దాయన్ని ఎత్తి కూర్చోబెట్టింది, ఒళ్ళు తుడిచింది, పక్కబట్టలు మార్చింది ఆవిడే. హాల్లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇంటి గ్లాసుల్లో మాకు మజ్జిగ ఇచ్చారు, ఆవిడకి ప్లాస్టిక్ కప్పులో. పెద్దకొడుకు రెండుసార్లు అటు వెళ్ళొచ్చాడు, చిన్నకొడుకు కూడా వెళ్ళి ఆవిడకి ఇంకొంచెం పులిహోర వేసి వచ్చాడు. ఇద్దరికీ అందులో తేడా ఏమీ కనబడలేదు. ఆవిణ్ని లేపి హాల్లోకి తీసుకురాబోతే, "వద్దమ్మా, ఇక్కడే బావుంది" అంది, భయంగా.

భక్తులకీ నాస్తికులకీ నేను ఒకే ప్రశ్న వేస్తున్నాను. బ్రాహ్మణుడు తిరిగే నేలా చండాలుడుండే నేలా ఒకటేనన్న అన్నమయ్య కీర్తన ఇక్కడి మన తెలుగు సంఘం వేదిక మీద పిల్లలు పాడని ఏడాది లేదు, మనం చప్పట్లు కొట్టని ఏడాదీ లేదు. ఆ భక్తి నిజమైతే, ఆ నాస్తికత్వం నిజమైతే, పెళ్ళి పందిట్లోనూ వంటింట్లోనూ కనబడాలి కదా?

అందుకని మన సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మనం జరిపే వధూవరుల పరిచయ వేదికలో పొడుగాటి బల్ల మీద ఫైళ్ళు పేర్చి ఉంటాయి, ఒక్కో ఫైలు మీద ఒక్కో కులం పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. తల్లిదండ్రులు వచ్చి సొంత ఫైలు ముందే కూర్చుంటారు, పక్క ఫైలు ముట్టుకోరు. వచ్చేసారి ఆ ఫైళ్ళు తీసేసి వివరాలన్నీ వయసు, చదువు, ఊరు ప్రకారం ఒకేచోట పెడదాం. దరఖాస్తులో కులం గడి తీసేద్దాం. ఈ పత్రిక చివరి పేజీల్లో వచ్చే పెళ్ళి ప్రకటనల్లో కూడా తీసేద్దాం. కులం కావాలనుకునేవాళ్ళు ఫోన్ చేసి వాళ్ళే అడుగుతారు, అడగనివ్వండి. అచ్చులో వేసి, ఫైలు కట్టి ఆ పని మనం చేసిపెట్టొద్దు.

అక్కడే ఇంకో చిన్న బల్ల వేద్దాం. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి ఎలా చేసుకోవాలో చెప్పడానికి ఒకరు కూర్చోవాలి. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, ఇద్దరిలో ఒకరైనా ఆ అధికారి పరిధిలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలని, ముగ్గురు సాక్షులు కావాలని, ఏ మతం తంతూ తప్పనిసరి కాదని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నేను వస్తాను. సాక్షి సంతకాలకి మనవాళ్ళెవరూ ముందుకి రాకపోతే వాటికీ నన్ను పిలవండి. రాబోయే సర్వసభ్య సమావేశంలో దీన్ని ఓటుకి పెట్టమని కార్యవర్గానికి ఉత్తరం ఇచ్చాను. ఒప్పుకోనివాళ్ళు కూడా రండి, ఎందుకు వద్దో అందరిముందు నిలబడి చెప్పండి.