శాన్‌ఫ్రాన్సిస్కో ప్లేగు: 121 కేసుల్లో 119 మరణాలు ఏం చెబుతున్నాయి?

1900 నుంచి 1904 దాకా శాన్‌ఫ్రాన్సిస్కోలో తొలివిడత ప్లేగు లెక్కల్లో 121 కేసులు, 119 మరణాలు కనిపిస్తాయి. రోగుల్లో అత్యధికులు చైనాటౌన్ వాసులు. సరైన మందు లేని ఆ రోజుల్లో కూడా గడ్డల ప్లేగు సోకినవాళ్లలో చాలామంది బతికేవారు. మరి ఇక్కడ దాదాపు అందరూ ఎలా పోయారు? జబ్బు అంత ఉగ్రంగా ఉందని నేననుకోను. అధికారులకు రోగులు దొరకలేదు, శవాలే దొరికాయి.

ఎందుకో తెలియాలంటే మొదటి రెండు రోజులు చూస్తే చాలు. 1900 మార్చి 6న చైనాటౌన్‌లో చనిపోయిన ఒక మనిషి శవంలో ప్లేగు ఆనవాళ్లు కనిపించాయి. ల్యాబ్ పరీక్ష పూర్తి కాకముందే, మర్నాడే పేట చుట్టూ తాళ్లు కట్టి పోలీసుల్ని నిలబెట్టారు. తెల్లవాళ్లను బయటికి పంపి, చైనావాళ్లను లోపలే ఉంచారు. మే నెలాఖరులో రెండోసారి దిగ్బంధం పెట్టినప్పుడైతే ఆ గీత తెల్లవాళ్ల భవనాలను తప్పించుకుంటూ వంకర్లు తిరిగింది! బొంబాయిలో హాఫ్కిన్ తయారుచేసిన టీకా వేయించుకోనిదే ఆసియావాళ్లు ఊరు దాటకూడదన్నారు. ఈ రెండు ఆదేశాలనూ ఫెడరల్ జడ్జి విలియం మారో కొట్టేశారు.

ఇంట్లో జ్వరం ఉందని చెబితే వీధి మొత్తం మూసేస్తారని తెలిశాక ఎవరు నోరు విప్పుతారు? పైగా వ్యాపారం దెబ్బతింటుందన్న టెన్షన్‌తో కాలిఫోర్నియా గవర్నర్ హెన్రీ గేజ్ అసలు ప్లేగే లేదని వాదించారు. క్రిమిని పరీక్షలో నిర్ధారించిన ఫెడరల్ వైద్యాధికారి జోసెఫ్ కిన్యూన్‌కు 1901లో బదిలీయే దక్కింది.

1906 భూకంపం తర్వాత, 1907లో ప్లేగు మళ్లీ వచ్చింది. అప్పటికి ఎలుకలు, వాటి ఒంటి మీద రక్తం పీల్చే గోమార్ల పాత్ర మీద బొంబాయి పరిశోధనలు గట్టి ఆధారాలిచ్చాయి. ఫెడరల్ వైద్యాధికారి రూపర్ట్ బ్లూ బృందం ఊరంతా ఎలుకల్ని పట్టి, ఏది ఎక్కడ దొరికిందో రాసుకుని, ల్యాబ్‌లో కోసి చూసింది. మనుషుల జాతిని కాకుండా జబ్బు దారిని వెతకడమంటే ఇదీ. ఈసారి సుమారు 160 కేసులు బయటపడ్డాయి, మరణాలు సగానికి అటూ ఇటూ.

ఈ తేడా అంతా ఎలుకల వేట వల్లే వచ్చిందంటే మాత్రం ఒప్పుకోను. రెండోసారి రోగుల్లో ఎక్కువమంది తెల్లవాళ్లు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టర్‌ని పిలవడానికి వాళ్లు భయపడాల్సిన పని లేకపోయింది.