ఫోన్ ఎత్తని పిల్లలు మోసపోరా?

వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: బధిర పిల్లలు ఫోన్ మాట్లాడరు కాబట్టి సైబర్ మోసాలు వాళ్ల దాకా రావు, వాళ్లకు డేటా ప్రైవసీ పాఠాలు, అవీ ఆగ్మెంటెడ్ రియాలిటీలో (ఏఆర్: ఫోన్ కెమెరాలో కనిపించే దృశ్యం మీదే బొమ్మలు, వీడియోలు చూపించే పద్ధతి) చెప్పడం పైసలు దండగ, కరపత్రం ఇస్తే చాలు, పైగా ఆ ఏఆర్ యాప్‌కే కెమెరా పర్మిషన్ కావాలి, ఇదేం ప్రైవసీ?

మొదటి మాటే తప్పు. లింకు, క్యూఆర్ కోడ్, ఫోన్‌లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు, ఇవన్నీ కంటి ముందుకొచ్చే వలలే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. బ్యాంకు నుంచి ఫోన్ వస్తే మాట్లాడేది అన్నో, బాబాయో, పక్కింటాయనో. ఓటీపీ, పిన్ అట్లా అలవాటుగా వాళ్ల చేతికి పోతాయి. పింఛనుకనో బస్‌పాస్‌కనో సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్, ఆధార్ ఫొటోలు జిరాక్స్ సెంటరాయన వాట్సాప్‌కు పంపుతారు. ఆ కంప్యూటర్లో అవి ఎన్నాళ్లుంటాయో అడిగేవారుండరు. సైగలతో మాట్లాడాలంటే వీడియో కాలే గతి: ముఖం, ఇల్లు, వెనకున్న మనుషులు అన్నీ అవతలికి కనిపిస్తాయి. మోసపోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్నా మళ్లీ ఇంకొకరి నోరే కావాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో తామే టైప్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చని ఎంతమందికి చెప్పాం?

కరపత్రం సంగతి. సైగల భాషలో పెరిగిన పిల్లలకు తెలుగు రెండో భాష. ప్రైవసీ పాలసీల తెలుగు మనకే మింగుడు పడదు. 2023 నాటి డేటా రక్షణ చట్టం, సమ్మతి నోటీసును (డేటా తీసుకోవడానికి అనుమతి అడిగే నోటీసు) ఇంగ్లిష్‌లోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోగానీ చూసుకునే వీలుండాలంటుంది. ఆ 22లో భారతీయ సైగల భాష లేదు.

ఇక ఏఆర్ ఆటబొమ్మేనా? క్లాసులో తెర మీద బొమ్మ ఉంటుంది, పక్కన టీచర్ సైగ చేస్తారు. వినే పిల్లలు బొమ్మ చూస్తూనే మాట వింటారు. వీళ్లకు రెంటికీ కళ్లే దిక్కు. ఒకటి చూస్తే ఇంకోటి పోతుంది. ఏఆర్‌లో ఆ రెండూ ఒక్కచోటికొస్తాయి. నమూనా ఆధార్ కార్డు మీదికి ఫోన్ తిప్పితే మొదటి 8 అంకెలు చెరిగి చివరి 4 మిగిలేలా చేయొచ్చు. మాస్క్‌డ్ ఆధార్ అంటే అదే. సైగల వీడియో కార్డు పక్కనే కనిపిస్తుంది. ఖరీదైన కళ్లద్దాలు అక్కర్లేదు, ఏఆర్ పనిచేసే ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. అయితే ఫోన్ పట్టుకున్న చేత్తో పిల్లలు సైగ చేయలేరు, ప్రశ్న అడగలేరు. స్టాండ్ లేకుండా ఈ పాఠం మొదలుపెట్టేవాళ్లకు బధిరుల క్లాసు తెలియదన్నట్టే.

కెమెరా గురించి ఆ మెసేజ్ అన్నది మాత్రం నిజం. ఏఆర్ యాప్ కెమెరా ముందుకొచ్చిందంతా చూస్తుంది, పిల్లల ముఖాలొస్తే వాటితో సహా. అందుకే పాఠం ఆ పర్మిషన్ అడిగే పెట్టె దగ్గరే మొదలవ్వాలి: వాడుతున్నప్పుడు మాత్రమే అనుమతించడం, అయిపోయాక సెట్టింగ్స్‌కెళ్లి పిల్లలతోనే తీసేయించడం. 18 ఏళ్లలోపు వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలని పైన చెప్పిన చట్టమే అంటుంది. కెమెరా దృశ్యాలు ఫోన్ దాటి సర్వర్‌కు పోతాయా అని బడివాళ్లు యాప్ కంపెనీని కాగితం మీద అడగాలి. సూటిగా జవాబు రాకపోతే ఆ యాప్ వద్దు. నమూనా కార్డు, నల్ల స్టిక్కరు, సైగలు వచ్చిన టీచర్ ఉంటే అంకెలు దాచడం అప్పటికి నేర్పొచ్చు.