ఉద్యోగ వేట కనుమ తర్వాతే అసలు మొదలు

జనవరి మొదటి వారంలో బెజవాడ, గుంటూరుల్లో ఉద్యోగం వెతుక్కునేవాళ్లలో ఒక ఊపు కనిపిస్తుంది. ఉద్యోగాల సైట్ నౌకరీలో ప్రొఫైల్ అప్‌డేట్ అవుతుంది, లింక్డ్‌ఇన్‌లో ఫొటో మారుతుంది, రెజ్యూమె కొత్త టెంప్లేట్‌లోకి వెళ్తుంది. కనిపించిన ప్రతి పోస్టుకీ అప్లికేషన్ పడుతుంది. భోగి నాటికి ఆ ఊపు తగ్గుతుంది. కనుమ దాటేసరికి చాలామంది మళ్లీ డిసెంబరులో ఉన్నచోటికే వచ్చేస్తారు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. పాత పనినే మరిన్నిసార్లు చేయడాన్ని కొత్తగా మొదలుపెట్టడం అనుకుంటున్నారు, చిక్కంతా అక్కడే ఉంది.

ముందు క్యాలెండర్ సంగతి. మన కంపెనీల్లో ఎక్కువ వాటికి లెక్కల ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. కొత్త పోస్టులకు డబ్బు సాధారణంగా ఏప్రిల్ బడ్జెట్‌లోనే దొరుకుతుంది. ఇంక్రిమెంటు, బోనస్ చేతికొచ్చాక మానేద్దామని ఆగేవాళ్లూ ఉంటారు కాబట్టి ఖాళీలు కూడా ఆ తర్వాతే బయటపడతాయి. జనవరి నుంచి డిసెంబరు లెక్కన నడిచే అమెరికా కంపెనీల సెంటర్లలో మాత్రం ఏడాది మొదట్లోనే కదలిక ఉంటుంది. అందువల్ల జనవరిలో ఫోన్ రాకపోతే ఏడాదంతా పోయిందని టెన్షన్ పడక్కర్లేదు. కనుమ నుంచి మార్చి ఆఖరు దాకా ఉన్న పది వారాలు చాలా విలువైనవి.

ఆ వారాల్లో మొదట చేయాల్సిన పని, పోయిన ఏడాది వేట ఎక్కడ ఆగిందో చూసుకోవడం. ఎన్ని చోట్ల పెట్టాం, ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎన్ని ఇంటర్వ్యూలు రెండో రౌండు దాకా వెళ్లాయి? అసలు ఫోన్లే రాకపోతే తప్పు రెజ్యూమెలోనో, ఎంచుకున్న పోస్టుల్లోనో ఉంది. ఫోన్లు వచ్చి మొదటి రౌండులోనే పోతే సబ్జెక్టు మీదో, మాట్లాడే తీరు మీదో కూర్చోవాలి. ఆఖరి దాకా వెళ్లి జీతం దగ్గరో, ఊరు దగ్గరో ఆగిపోతుంటే అది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, దానికి ఏ కోర్సూ పనికిరాదు. ఈ మూడూ వేరువేరు జబ్బులు. అన్నిటికీ ఇంకో సర్టిఫికెట్ కోర్సే మందు అనుకోవడం వల్లే డబ్బూ కాలమూ రెండూ పోతున్నాయి.

మన పిల్లల రెజ్యూమెలు చూస్తే బాధేస్తుంది. పైన అందరూ కాపీ కొట్టే ఆబ్జెక్టివ్, కింద డిక్లరేషన్, మధ్యలో తండ్రి పేరు, పెళ్లయిందో లేదో. నాలుగేళ్ల చదువులో నిజంగా చేసిన ప్రాజెక్టుకు మాత్రం ఒక్క లైను! అందులో తన వంతు ఏమిటో, ఏం పని చేసిందో, ఏం చేయలేదో రాసుంటే చదివేవాళ్లకు అడగడానికి ఒక ప్రశ్నయినా దొరికేది.

ఎక్కడ వెతుకుతున్నామన్నది ఇంకో విషయం. ఉద్యోగం అంటే హైదరాబాద్, బెంగళూరు అనే లెక్క మనలో బలంగా పాతుకుపోయింది. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉంది, ఐటీ కంపెనీల కోసం కట్టిన మేధా టవర్స్ ఉన్నాయి. ఇంటర్ పాసైనవాళ్లకు శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకునే టెక్‌బీ కూడా హెచ్‌సీఎల్‌దే. ఐటీ ఒక్కటే కాదు. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు రావడం ఏడాది మొదటి నెలల్లోనే పెరుగుతుంది. ఎగుమతి చేసేవాళ్లకు, కోల్డ్ స్టోరేజీలకు లెక్కలు చూసేవాళ్లు కావాలి, నాణ్యత పరీక్షించేవాళ్లు కావాలి. మార్చి ముగింపు దగ్గరపడే కొద్దీ ఆడిటర్ల ఆఫీసుల్లో ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు తెలిసినవాళ్లతో పని పడుతుంది. బెజవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లో, ఆటోనగర్ షాపుల్లో, రాజధాని పనులు చేసే కాంట్రాక్టర్ల దగ్గర కూడా మనుషుల అవసరం ఉంటుంది. వీటిలో చాలా ఖాళీలు పోర్టల్‌లోకి ఎక్కవు. తెలిసినవాళ్ల ద్వారా, వాట్సాప్ గ్రూపుల ద్వారా నిండిపోతాయి. నేరుగా వెళ్లి అడిగేవాళ్లు తక్కువ కాబట్టే వెళ్లినవాళ్లు గుర్తుంటారు.

ఇక్కడే సంక్రాంతి మనకు కలిసొస్తుంది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి అన్నలు, బావలు, సీనియర్లు అందరూ ఆ నాలుగు రోజులూ ఊళ్లోనే ఉంటారు. చాలా కంపెనీల్లో ఉద్యోగులు తెలిసినవాళ్ల పేరు రిఫర్ చేసే పద్ధతి ఉంది, తీసుకుంటే రిఫర్ చేసినవాళ్లకు బోనస్ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. అడగడంలో నామోషీ లేదు. అడిగే తీరులోనే తేడా. ‘అన్నయ్యా, ఏదన్నా ఉంటే చూడు’ అంటే ఎంత ప్రేమున్న అన్నయ్యయినా ఏం చూడగలడు? కంపెనీ సైట్‌లో పోస్టు వెతికి, జాబ్ ఐడీ రాసుకుని, దానికి తగ్గట్టు మార్చిన రెజ్యూమె పంపి, ‘ఈ ఒక్కదానికి రిఫర్ చేస్తావా’ అని అడిగితే అతనికి అయిదు నిమిషాల పని. చుట్టాలకు కూడా ఒక మనవి. ‘ఇంకా ఏం రాలేదా’ అని నలుగురిలో అడిగే బదులు, ఏ పని కోసం చూస్తున్నావని పక్కకు పిలిచి అడగండి.

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట గదుల్లో సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం చదివేవాళ్లను వద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ కాలం లెక్క చూడాలి. గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వస్తే ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న. అదే 16,347 పోస్టుల మెగా డీఎస్సీకి 2025 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చి జూన్, జూలైల్లో పరీక్షలు పెట్టేశారు. ఏది ఎంతకాలం పడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. ఆ మధ్యకాలంలో సగం పూట పనైనా చేసినవాళ్ల రెజ్యూమెలో ఖాళీ ఉండదు, అంతకంటే ముఖ్యంగా మనిషి కుంగిపోడు.

వేట ఎన్నాళ్లుగానో సాగుతుంటే మోసగాళ్లకు పని సులువవుతుంది. దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పించే బ్యాక్‌డోర్ ఆఫర్ అని, తిరిగిచ్చే డిపాజిట్ అని, ట్రైనింగ్ ఫీజు అని ముందే డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయాలి. ఆన్‌లైన్‌లో పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. త్వరగా చెబితే ఆ డబ్బును ఖాతాలో ఆపించే అవకాశం ఉంటుంది. ఇంట్లో చెప్పుకోలేక రోజులు గడిపేసే పిల్లలు చాలామంది. అమ్మానాన్నలు తిట్టాలనుకుంటే తర్వాత తిట్టొచ్చు, ముందు ఆ ఫోన్ చేయించండి.