కూలి ఆపేవాడు మనవాడైతే ఏంటి?

పని చేయించుకుని డబ్బు ఆపడం దొంగతనం కిందే లెక్క. ఈ విషయంలో ఇస్లాం ఎక్కడా మెత్తగా మాట్లాడదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త మాట ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. బుఖారీ అనే మరో సంకలనంలోని హదీసు, అంటే ప్రవక్త మాట, ఇంకా గట్టిది. పూర్తిగా పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి వ్యతిరేకంగా తీర్పు రోజున తానే నిలబడతానని అల్లాహ్ హెచ్చరిస్తాడు.

బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో లేచే అపార్ట్‌మెంట్లకు ఇటుక మోసేవాళ్లలో అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు ఎందరో. శనివారం బట్వాడా రోజున మేస్త్రీ ఖర్చులకని ఐదొందలు చేతిలో పెట్టి, మిగతాది బిల్లు పాసయ్యాక అంటాడు. బిల్డరును అడిగితే కాంట్రాక్టరును చూపిస్తాడు, కాంట్రాక్టరు మేస్త్రీని చూపిస్తాడు. ఊళ్లో పిల్లల ఫీజు, కిరాణా కొట్టు బాకీ మాత్రం ఆగవు. ఉద్యోగం వదిలాక రావాల్సిన చివరి లెక్క, అదే ఫుల్ అండ్ ఫైనల్ కోసం నెలన్నరగా హెచ్‌ఆర్‌కు మెయిళ్లు పెట్టే సాఫ్ట్‌వేర్ కుర్రాడిదీ ఇదే టెన్షన్. ఉద్యోగం వదిలిన రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలని 2019 వేతనాల కోడ్ చెబుతోంది. చట్టానికి భయపడేదెవరు?

మతాన్ని ఆఫీసులోకి తేవద్దనేవాళ్లు 2019లో ఇదే నగరంలో కూలిపోయిన ఐఎంఏ అనే పెట్టుబడుల సంస్థను గుర్తుచేస్తారు. హలాల్ పెట్టుబడి, అంటే ఇస్లాం ఒప్పుకునే పెట్టుబడి, అన్న మాట నమ్మి వేలమంది డిపాజిట్లు పోగొట్టుకున్నది నిజమే. కానీ అక్కడ జనం ఖురాన్ చెప్పినట్టు లెక్కలు అడగలేదు. మనవాడే కదా అని ఊరుకున్నారు.

నా కోపమంతా ఈ 'మనవాడు' మీదే. కూలి ఆపిన మేస్త్రీది పక్క ఊరే కాబట్టి కూలీ లేబర్ ఆఫీసు గడప తొక్కడు. మన జిల్లా మేనేజరు మన జిల్లా కుర్రాడికే మంచి రేటింగ్ ఇస్తే టీమ్‌లో ఎవరూ నోరెత్తరు. న్యాయంగా సాక్ష్యం చెప్పండి, అది మీకూ మీ తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా సరే అంటుంది ఖురాన్ నాలుగో సూరా (అధ్యాయం). పనికి పెట్టుకోదగ్గవాడు బలం, నమ్మకం ఉన్నవాడని ఇరవై ఎనిమిదో సూరాలో మూసా ప్రవక్త గురించి ఒక అమ్మాయి తన తండ్రికి చెబుతుంది. ఆమె చూసింది ఆ రెండే. ఊరూ, కులమూ ఆ లెక్కలోకి రాలేదు.

ఉగాది సభలో కాంట్రాక్టర్లకు, కంపెనీ పెద్దలకు శాలువాలు కప్పే ఇక్కడి తెలుగు సంఘాలు ముందు వాళ్ల కూలీలను, ఉద్యోగులను పిలిచి బాకీల సంగతి అడగాలి. బాకీ ఉందని తేలితే, ఎంత చందా ఇచ్చినవాడైనా సరే, ఆ పేరు సన్మాన జాబితాలోంచి కొట్టేయాలి.