పేదోడి చేతికి డబ్బిస్తే తాగేస్తాడా?

"పేదోళ్లకి ఊరికే డబ్బిస్తే తాగి తందనాలాడతారు, పని మానేస్తారు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అనేవాళ్లలో ఎక్కువమంది బాగా చదువుకున్నవాళ్లే కావడం ఇంకా బాధ.

ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల్లో జరిగిన అధ్యయనాలను ముందేసుకుని ఇదే చూశారు. నగదు సాయం అందిన కుటుంబాల్లో మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిన దాఖలా లేదు. అయినా అనుమానం పోదు మనకి.

కెన్యాలో సియాయా అనే ప్రాంతం ఉంది. 2014 నుంచి అక్కడి పల్లెల్లో గివ్‌డైరెక్ట్లీ అనే సంస్థ 10,500 పైచిలుకు పేద కుటుంబాలకు, ఒక్కో ఇంటికి సుమారు 1000 డాలర్లు ఇచ్చింది. ఎంపెసా అనే మొబైల్ డబ్బు సేవ ద్వారా నేరుగా ఫోన్‌లోకే. ఇల్లు గడ్డి కప్పుదైతే అర్హులే. దేనికి వాడాలన్న షరతు లేదు, లెక్క చెప్పమని అడిగింది లేదు.

అంతకుముందు అదే సంస్థ సాయం మీద జరిగిన మరో అధ్యయనంలో చాలామంది చేసిన పని, గడ్డి తీసేసి ఇనుప రేకులు వేయించుకోవడం. "రేకులెందుకు, ఏదైనా వ్యాపారం పెట్టుకోవచ్చుగా" అని మనకు అనిపిస్తుంది. ఆ ఇంట్లో ఉండి చూస్తే తెలుస్తుంది. గడ్డి కప్పు ఏడాదికో రెండేళ్లకో మళ్లీ వేయించాలి. గడ్డి కొనాలి, కప్పేవాళ్లకి కూలి ఇవ్వాలి, అసలే చేతిలో చిల్లిగవ్వ లేని సమయంలో. ఆలోగా వాన పడితే పక్కబట్టలు ఏ మూలకి లాగాలో అర్థం కాదు. రేకులు వేస్తే ఏళ్ల తరబడి ఆ ఖర్చు, ఆ టెన్షన్ తప్పుతాయి. రేకుల మీద నుంచి జారే వాన నీళ్లు పట్టుకోవచ్చు కూడా. ఆ ఇంటికి అంతకన్నా మంచి పెట్టుబడి ఏముంది? ఇది బయట నుంచి వచ్చిన ఏ ఆఫీసరుకీ తట్టదు.

సియాయాలో ఆ 1000 డాలర్ల సాయంతో, డబ్బు అందని ఇళ్ల ఆదాయం కూడా పెరిగింది. చేతిలో డబ్బు ఆడితే కొట్టు సాగుతుంది, వడ్రంగికి పని దొరుకుతుంది. బయట నుంచి వచ్చిన ఒక్కో డాలరుకీ ఆ ప్రాంతంలో సుమారు రెండున్నర డాలర్ల మేర ఆర్థిక కార్యకలాపం పెరిగిందని లెక్క తేలింది. ధరలు మండిపోతాయని భయపెట్టారు కదా, పెరిగింది సగటున 0.1 శాతం.

నన్ను కదిలించింది మాత్రం ఈ సియాయా సాయం మీదే 2025లో వచ్చిన ఫలితం. సాయం అందిన ఇళ్లలో ఏడాదిలోపు పిల్లల మరణాలు దాదాపు సగం తగ్గాయి. నెలలు నిండుతున్న తల్లులు బరువు పనులు తగ్గించుకోగలిగారు. కాన్పుకి ఆస్పత్రికి వెళ్లగలిగారు. "పని మానేస్తారు" అంటారే, మానింది ఈ పని! ఎనిమిదో నెల కడుపుతో పొలంలో వంగి చేసే పని. అది మానకూడదని ఎవరైనా అనగలరా?

అలాగని డబ్బు ఒక్కటే చాలని నేను అనను. ఈ మేలు ఎక్కువగా కనిపించింది డాక్టరున్న ఆస్పత్రి దగ్గర్లో ఉన్న ఇళ్లలోనే. లేని డాక్టర్ని వెయ్యి డాలర్లు తెచ్చిపెట్టవు. ఆస్పత్రి, రోడ్డు, బడి ప్రభుత్వమే కట్టాలి. "డబ్బులిచ్చాం కదా" అని వీటిని ఎగ్గొట్టే ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీయాలి.

నేను ఒప్పుకోనిది, శిక్షణలనీ అవగాహన సదస్సులనీ పేదల పేరు మీద ఖర్చయ్యే సొమ్ము. అమెరికా సహాయ సంస్థ రువాండాలో తన పోషకాహార కార్యక్రమాన్ని నగదుతో పోల్చి చూసింది. కార్యక్రమానికి అయినంత ఖర్చునే నగదుగా ఇస్తే ఏడాదిలో పిల్లల పోషణలో పెద్ద తేడా రాలేదు, కార్యక్రమం వల్లా రాలేదు. కానీ 500 డాలర్లకు పైగా ఇచ్చిన ఇళ్లలో తిండి మెరుగైంది, పిల్లల ఎదుగుదలా మెరుగైంది. విదిలించినట్టు ఇచ్చి "చూశారా, మార్పు రాలేదు" అనడం అన్యాయం. ఏ పథకానికైనా నిధులిచ్చే ముందు ఈ పోలిక పెట్టాల్సిందే. ఆ సొమ్ము నేరుగా ఆ ఇంటికే ఇస్తే వచ్చేదానికన్నా తమ పథకం ఎక్కువ మేలు చేస్తుందని పథకం నడిపేవాళ్లే లెక్క చూపించాలి.